మ్యూట్ బటన్‌కి లొంగని సినిమాలు

ముందే ఒప్పేసుకుంటున్నా, నేను పిరికివాణ్ణి. దెయ్యం సినిమా పెట్టానంటే బొటనవేలు రిమోట్‌లో మ్యూట్ బటన్ మీదే ఉంటుంది. తలుపు కిర్రుమందా, మోగుతున్న సంగీతం ఉన్నట్టుండి ఆగిందా, ఠక్కున నొక్కేస్తా. సౌండ్ తీసేస్తే ఎంతటి దెయ్యమైనా మేకప్ వేసుకున్న మనిషిలాగే కనిపిస్తుంది, నమ్మకపోతే మీరూ చేసి చూడండి. ఈమధ్య రెండు నెలలుగా రాత్రిళ్ళు ఓ హారర్, ఓ యానిమేషన్ చొప్పున మార్చి మార్చి చూశాను. హారర్‌తో భయపడితే బొమ్మల సినిమా పెట్టుకుని తేరుకోవచ్చు కదా అని లెక్క వేసుకున్నా. ఆ లెక్క బాగా తప్పింది. ఏవి ఎలా ఉన్నాయో రాస్తున్నా, కథల గుట్టు వీలైనంత వరకు విప్పను.

‘ది కంజూరింగ్’ (2013) ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూశా. డైరెక్టర్ జేమ్స్ వాన్‌కి ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో బాగా తెలుసు, అందులో అనుమానం లేదు. కానీ ఇది పూర్తిగా చెవుల మీద నడిచే సినిమా. నేలమాళిగ మెట్ల మీద అగ్గిపుల్ల వెలుగులో తల్లి కూర్చుని ఉన్నప్పుడు వెనకనుంచి చప్పట్లు వినిపించే సీను ఉంది చూశారూ, మొదటిసారి చూసినప్పుడు అక్షరాలా కుర్చీలోంచి లేచాను. ఈసారి మ్యూట్‌లో చూస్తే చీకట్లోంచి రెండు చేతులు వచ్చాయి, చప్పట్లు కొట్టాయి, వెళ్ళిపోయాయి. అంతే. పాపం అనిపించింది.

‘ఎ క్వైట్ ప్లేస్’ (2018) దగ్గర నా బటన్‌కి పనే లేకుండా పోయింది, ఎందుకంటే సినిమాయే సగం మ్యూట్‌లో ఉంటుంది. చిన్న చప్పుడైతే చాలు, ఎక్కడున్నా వచ్చి చంపేసే జీవులు. అందుకని ఆ కుటుంబం చెప్పులు లేకుండా, ఇసుక పోసుకున్న దారి మీద నడుస్తూ, సైగలతో మాట్లాడుకుంటూ బతుకుతుంటుంది. జాన్ క్రాసిన్‌స్కీ తనే డైరెక్ట్ చేసి తండ్రి వేషం కూడా వేశాడు, తల్లిగా ఎమిలీ బ్లంట్, బయట కూడా వాళ్ళు భార్యాభర్తలే. కూతురుగా వేసిన మిల్లిసెంట్ సిమ్మండ్స్‌కి నిజంగానే వినపడదు. కథ ఆ పిల్ల వైపునుంచి నడిచినప్పుడు అప్పటిదాకా ఉన్న కాస్త గాలి చప్పుడు కూడా ఆగిపోతుంది. మొదటిసారి అలా అయినప్పుడు నేనే పొరపాటున మ్యూట్ నొక్కానేమో అనుకుని రిమోట్ వంక చూసుకున్నా.

ఇక ఆ మేకు. తల్లి బట్టల మూట మెట్ల మీదుగా పైకి ఈడుస్తుంటే మూట తగులుకుని చెక్కలోంచి ఒక మేకు నిటారుగా లేస్తుంది. ఆమె చూసుకోదు, మనం చూస్తాం. ఆ తర్వాత ఆ మెట్లు కనిపించినప్పుడల్లా నా అరికాళ్ళు వాటంతటవే ముడుచుకుపోయాయి. దెయ్యం లేదు, రక్తం లేదు, ఒక్క మేకుతో అరగంట టెన్షన్ పెట్టాడు మహానుభావుడు. నా ఫిర్యాదు కూడా ఆ మేకు మీదే, ఇంత జరిగాక దాన్ని ఎవరూ పీకరేంటండీ? సరే, సుత్తి పెట్టి కొడితే చప్పుడవుతుంది, ఒప్పుకుంటా, మీద మందంగా ఓ గుడ్డైనా కప్పొచ్చుగా! అసలు కిక్కురుమంటే చావు అని తెలిసిన ఇంట్లో పసిబిడ్డ ఏంటి అన్న ప్రశ్న కూడా వస్తుంది గానీ, దానికి వాళ్ళు చేసుకున్న ఏర్పాటు చూశాక నోరు మూసుకున్నా.

‘హెరెడిటరీ’ (2018) గురించి తక్కువ రాస్తా, ఎందుకంటే మళ్ళీ గుర్తు చేసుకోవడం ఇష్టం లేదు. ఆరీ ఆస్టర్‌కి ఇది మొదటి ఫీచర్ సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. ఇందులో ఒక యాక్సిడెంట్ జరుగుతుంది. ఏమైందో చెప్పను. అది అయ్యాక కెమెరా కారు నడిపిన ఆ ఇంటి కుర్రాడి మొహాన్ని వదలదు, వాడు కారు ఇంటిదాకా నడుపుకొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళి మంచం మీద పడుకుంటాడు. తెల్లారుతుంది. మనకి ఇంకా వాడి మొహమే కనిపిస్తుంటుంది, బయటనుంచి తల్లి కేక వినిపిస్తుంది. నేను అప్పటికే మ్యూట్ నొక్కి ఉన్నా, అయినా ఆ కళ్ళు చూస్తే ఆ కేక వినబడింది. తల్లిగా చేసిన టోనీ కొలెట్‌కి ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు, అదో అన్యాయం. చివరి ఇరవై నిమిషాలు మాత్రం నాకు కాస్త ఎక్కువైంది, అప్పటిదాకా ఇంట్లో మనుషులకి భయపడుతున్న నేను అక్కడినుంచి మామూలు దెయ్యం సినిమా చూస్తున్నట్టయ్యాను.

మనవాటిలో ‘మసూద’ (2022) ఎప్పటినుంచో చూడాలనుకుంటూ వాయిదా వేశా. తిరువీర్ చేసిన పాత్ర నాలాగే పిరికివాడు, అందుకే నచ్చిందేమో, హీరో భయపడుతుంటే పక్కన మనకో తోడు దొరికినట్టుంటుంది. నటి సంగీత బాగా చేసింది. రెండున్నర గంటలు దాటిన నిడివి మాత్రం తెలుస్తుంది, కత్తెర ఇంకాస్త పదునుగా ఉండాల్సింది. మలయాళం ‘భ్రమయుగం’ (2024) నలుపు తెలుపుల్లో తీశారు, మమ్ముట్టి ఊరికే కూర్చుని నవ్వితేనే గది చల్లబడినట్టుంటుంది, పాచికల ఆట సీను ఒక్కటి చాలు. హిందీ ‘తుంబాడ్’ (2018) గురించి ఇప్పటికే అందరూ చెప్పేశారు, 2024లో మళ్ళీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది, నేను కొత్తగా చెప్పేదేం లేదు, అందులో కురిసే ఆ వాన మాత్రం పెద్ద తెర మీదే చూడాలి.

అసలు సంగతి ఇప్పుడు. హారర్ చూసి అలిసిపోయి, వారం మధ్యలో మా అక్క కూతురు ఇంటికొస్తే దానితో కలిసి చూద్దామని ‘కోరలైన్’ (2009) పెట్టా. పిల్లకి తొమ్మిదేళ్ళు. పిల్లల సినిమాయే కదా అనుకున్నా. మొదటి నిమిషంలోనే సూదుల్లాంటి ఇనుప వేళ్ళు ఒక గుడ్డబొమ్మని పట్టుకుని, గుండీ కళ్ళు పీకి, కడుపులో కూరినదంతా లాగేసి, బొమ్మని తిరగేసి, మళ్ళీ నింపి కుట్టడం మొదలుపెట్టాయి. ఎంత నెమ్మదిగా, ఎంత ఓపిగ్గా చేస్తాయో! అరుపు లేదు, ఉలిక్కిపడే చప్పుడు లేదు, పైగా వెనకాల పిల్లల పాట. మ్యూట్ ఎక్కడ నొక్కాలి? నొక్కి ఏం లాభం?

కథ చెప్పాలంటే, పనిలో మునిగిపోయి పట్టించుకోని అమ్మానాన్నలున్న ఒక అమ్మాయికి కొత్త ఇంట్లో చిన్న తలుపు కనిపిస్తుంది. అవతల అచ్చం ఇలాంటి ఇల్లే, అచ్చం ఇలాంటి అమ్మే, కాకపోతే తీరిక ఉన్న అమ్మ, అడిగిందల్లా చేసిపెట్టే అమ్మ. కళ్ళ స్థానంలో నల్ల గుండీలు. ఇక్కడే ఉండిపో అంటూ ఓ చిన్న పెట్టె బల్ల మీద జరుపుతుంది, తెరిస్తే అందులో రెండు గుండీలు, సూది, దారం. ఆ పెట్టె తెరుచుకున్నప్పుడు నేను దిండు అడ్డం పెట్టుకున్నా. “మామయ్యా, నువ్వు కళ్ళు మూసుకున్నావ్, నేను చూశా” అంది మా పిల్ల, అది మాత్రం ముందుకి జరిగి కూర్చుని రెప్పవేయకుండా చూస్తోంది. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి “ఒరేయ్, దాన్ని భయపెడుతున్నావా?” అంటే, “లేదమ్మా, నేనే మామయ్యకి ధైర్యం చెప్తున్నా” అని అది జవాబు. పరువు పోయింది.

ఇదంతా స్టాప్ మోషన్, అంటే నిజంగా చేతులతో బొమ్మలు చేసి, ఒక్కొక్క ఫ్రేముకీ ఇసుమంత కదిపి ఫొటో తీసి కలిపిన సినిమా. కోరలైన్ వేసుకునే ఆ చిట్టి స్వెటర్ కూడా వెంట్రుక అంత సన్నటి సూదులతో అల్లిందేనట. అందుకే కాబోలు ఆ గుడ్డ, ఆ దారం, ఆ గుండీ మెరుపు అన్నీ చేతికి తగిలేటట్టు ఉంటాయి, కంప్యూటర్ దెయ్యాలకి రానిది ఇదే. డైరెక్టర్ హెన్రీ సెలిక్. ‘ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ (1993) తీసిందీ ఈయనే, అందరూ దాన్ని టిమ్ బర్టన్ డైరెక్ట్ చేశాడనుకుంటారు, పాపం. మొన్న నా చొక్కా గుండీ ఊడితే మా పిల్ల సూదీ దారం పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ చొక్కా ఇంకా అలాగే కొక్కేనికి వేలాడుతోంది.

‘పుస్ ఇన్ బూట్స్: ది లాస్ట్ విష్’ (2022) కూడా పిల్లి కామెడీ అనుకునే పెట్టా. తొమ్మిది ప్రాణాల్లో ఎనిమిది అయిపోయిన పిల్లి, దాని వెంటపడే తోడేలు. ఆ తోడేలు ఈల వేస్తూ వస్తుంది. సరే మ్యూట్ చేద్దామంటే, ఈల వినపడకపోయినా పిల్లి ఒంటి మీద వెంట్రుకలు ఒక్కొక్కటే నిక్కబొడుచుకోవడం కనిపిస్తూనే ఉంటుందాయె! తర్వాత అడవిలో పిల్లికి ఊపిరాడక గుండె దడదడలాడుతుంటే కుక్కపిల్ల వచ్చి ఏమీ అడక్కుండా దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకుంటుంది. భయం వచ్చినప్పుడు మనిషికి ఏం కావాలో నేను చూసిన ఏ దెయ్యం సినిమాలోనూ ఇంత సరిగ్గా చూపించలేదు. పాటలూ, కొట్లాటలూ కూడా బాగున్నాయి, విలన్లు మాత్రం ఒకరిద్దరు ఎక్కువయ్యారు.

‘పర్ఫెక్ట్ బ్లూ’ (1997) పిల్లలకి అస్సలు పెట్టకండి, ఇది పెద్దవాళ్ళదే. పాటల గ్రూపు వదిలేసి నటి అవుదామనుకున్న అమ్మాయి పేరుతో ఎవరో ఇంటర్నెట్‌లో డైరీ రాస్తుంటారు, రైలు దిగేటప్పుడు ముందు ఏ కాలు పెడుతుందో కూడా అందులో ఉంటుంది. మొదట నవ్వుతూ చదువుతుంది, తర్వాత ఆ నవ్వు ఆగిపోతుంది. ఫోన్లు జేబుల్లోకి రాకముందే సతోషి కాన్ ఇది తీశాడు, గంటన్నర కూడా లేదు. నచ్చింది, కానీ మళ్ళీ చూడను.

ఇన్నిటి తర్వాత ప్రశాంతంగా ఉన్నది ‘ఫ్లో’ (2024) ఒక్కటే, అదీ పూర్తిగా కాదు. లాత్వియా సినిమా, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసి 2025లో ఆస్కార్ పట్టుకెళ్ళారు. మనుషులు లేరు, ఒక్క మాట లేదు. వరద పెరుగుతుంటుంది, నల్లపిల్లి ఒకటి పడవెక్కుతుంది, పడవలో ఓ కాపిబారా (పెద్ద పందికొక్కులాంటి జంతువు), ఓ లెమూర్ (కోతిలాంటిది), ఓ కుక్క, ఓ పెద్ద పక్షి. కాపిబారా అసలు గొంతు కీచుగా ఉండి కుదరలేదని ఒంటె పిల్ల గొంతు వాడారట. నీళ్ళు పిల్లి గడ్డం దాకా వచ్చినప్పుడల్లా నా వేలు అలవాటుగా మ్యూట్ మీదకి వెళ్ళింది, నొక్కలేదు, ఆ పిల్లి గొంతు వినపడకపోతే అది ఏమైందోనన్న భయం ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల బొమ్మలు నున్నగా, పాత వీడియో గేములా ఉంటాయి, పది నిమిషాల్లో అలవాటైపోతుంది. పేర్లు పడటం మొదలవగానే ఆపేయకండి, చివర్లో ఇంకో చిన్న సీను ఉంది. నేను మొదటిసారి ఆపేసి, సినిమాలో కనిపించే తిమింగలం గురించి రాత్రంతా అనవసరంగా బాధపడ్డా.