థైరాయిడ్ మాత్ర మానిపించిన వీడియో సలహాలు: మా అనుభవం

మాత్రలు లేకుండానే థైరాయిడ్ లోపాన్ని నయం చేస్తామని చెప్పే ఒక వీడియో ఛానల్‌లో మా అమ్మ రుసుము కట్టి సభ్యురాలిగా చేరారు. అక్కడ ఓపికగా వివరిస్తారన్నది నిజమే. డాక్టరు దగ్గర అంత తీరిక దొరకలేదన్న అమ్మ మాటను నేను కొట్టిపారేయలేను. అయితే లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ లోపానికి ఇచ్చే హార్మోన్ మాత్ర) మానేసిన తొలి రోజుల్లో ఏ ఇబ్బందీ కనిపించకపోవడాన్నే ఆ ఛానల్ తన విజయంగా చూపుతుంది. శరీరంలో ఆ మందు సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది కనుక, నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం వంటివి కొన్ని వారాల తరువాతగానీ బయటపడవు. అప్పటికి నమ్మకం బలపడిపోయి ఉంటుంది. అమ్మ విషయంలో జరిగిందీ అదే. సందేహం రాసి పంపితే, వయసుగానీ పాత రిపోర్టులుగానీ అడగకుండా, అందరికీ ఇచ్చే జవాబే ఇచ్చారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ లోపం ఉన్నప్పుడు పెరిగే హార్మోన్) బాగా పెరిగిందని తేలాక, డాక్టరు మళ్లీ మాత్ర మొదలుపెట్టించి, 6 వారాల తరువాత పరీక్షకు రమ్మన్నారు. సభ్యత్వం రద్దు చేసుకున్నాం.