బురదలో తిరిగే ట్రాక్టరుకు సిలికాన్ గ్రీజు: కొనొచ్చా?

మాది హాలియా దగ్గర. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే చాలు, ట్రాక్టరుకు కేజ్ వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) ఎక్కుతాయి. నాట్లు అయ్యేదాకా బండి మడిలోనే ఉంటుంది. దమ్ము చేస్తుంటే చక్రాలు చిమ్మిన బురద నీళ్లు హెడ్‌లైట్ ప్లగ్గులోకి, వెనక ట్రాలీ లైట్లకుండే ఏడు పిన్నుల సాకెట్‌లోకి పోతాయి. పైగా సాయంత్రం బోరు నీళ్లతో కడుగుడు. మా బోరు నీళ్లు ఆరితే బకెట్ అంచుకే తెల్లగా ఉప్పు కడుతుంది, ఇత్తడి పిన్నుల గతి వేరే చెప్పాలా? వడ్లు రాత్రిపూట మిర్యాలగూడ మిల్లులకు తోలేటప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మసక మసకగా వెలుగుతాయి. అట్లా వెలిగితే ముందు అనుమానించాల్సింది ఎర్తునే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారిని.

దీనికోసమే డైఎలెక్ట్రిక్ గ్రీజు అనే సిలికాన్ గ్రీజు తెచ్చి వాడుతున్నా. మిర్యాలగూడ సాగర్ రోడ్డులో చిన్న ట్యూబుకు రూ.300 పైనే అయింది. కంపెనీ ఏదైనా పర్వాలేదు, మీద సిలికాన్, డైఎలెక్ట్రిక్ అని రాసి ఉండాలి. కౌంటర్ మీది పిల్లగాడే అడ్డం తగిలిండు: "అన్నా, గిది కరెంటు పోనియ్యదు. పిన్నులకెట్ల పూస్తవ్?" వాడన్నది నిజమే, ఇది కరెంటును మోయదు. కానీ ప్లగ్గు గట్టిగా నొక్కితే పిన్నూ క్లిప్పూ రాసుకునే చోట గ్రీజు పక్కకు జరిగి లోహానికి లోహం తగులుతుంది. మిగతా సందంతా గ్రీజు నిండి నీళ్లకు చోటుండదు. పక్క పిన్నుకు కరెంటు పాకకూడదంటే అది మోయకపోవడమే మేలు.

శుభ్రం చేయకుండా పూస్తే మాత్రం పైసలు దండగ. మా సాకెట్ విప్పితే ఎర్తు పిన్ను మీద పచ్చటి పొడి పెచ్చుకట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సన్న ఎమెరీ కాగితంతో ఇత్తడి మెరిసేదాకా గీకాను. లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కూ ట్రాలీ ఎర్తుకూ మధ్య మల్టీమీటర్ పెడితే అంతకుముందు 1.4 వోల్టులు చూపింది, గీకాక 0.1. ఇది ఎంత తక్కువుంటే ఎర్తు అంత బాగున్నట్టు. ఆ గొప్ప గ్రీజుది కాదు, గీకుడుది. గ్రీజు దాన్ని అట్లాగే నిలబెట్టింది. వానకాలం దమ్ములు ముగిశాక విప్పి చూస్తే పైన బురద అంటుకుని ఉంది గానీ, వేలితో తుడిస్తే కింద ఇత్తడి పచ్చగా కాక పసుప్పచ్చగానే ఉంది.

తీగ లోపలికే నీళ్లు ఎక్కితే ఈ ట్యూబు ఏమీ చేయలేదు. దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగి పోగులు నీళ్లను లోపలికి లాక్కుంటాయి. తోలు ఒలిస్తే జానెడు దాకా నల్లగా ఉంటాయి, టంకం కూడా పట్టదు. ఎర్ర రాగి కనబడేదాకా కోసేసి, కొత్త తీగ కలిపి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసేది) తొడగాల్సిందే. మామూలు టేపు మా ఎండలకు జిడ్డయి ఊడొస్తుంది. టెస్ట్ ల్యాంపు సూదితో తీగను పొడిచి చూసే ఎలక్ట్రీషియన్లంటే నాకు అందుకే పడదు. ఆ బెజ్జం నుంచే నీళ్లు మొదలవుతాయి.

బ్యాటరీ టెర్మినళ్లకు ఇంత ఖరీదైన గ్రీజు అక్కర్లేదు. సెల్లుల మూతలు బిగించి, వంట సోడా కలిపిన నీళ్లతో తెల్ల బూజు కడిగి, ఆరాక క్లాంపులు బిగించి పైన వ్యాజలిన్ పూస్తే చాలు. అదే వ్యాజలిన్ ఇంజను పక్కనుండే ప్లగ్గులకు పనికిరాదు, వేడికి కరిగి కారుతుంది, కొన్ని రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది కూడా. ఇంకొందరు హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ సీలెంట్ కుక్కుతారు. పుల్లటి వాసన వేసే రకమైతే ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగినే తింటుంది.

ప్లగ్గులకు, సాకెట్లకు ఈ ట్యూబు కొనమనే చెప్తా. స్విచ్చులు, రిలేల లోపల నిప్పురవ్వ లేచే పాయింట్లకు పూయొద్దు. ఆ వేడికి సిలికాన్ గట్టిపడి కరెంటునే ఆపేస్తుంది. బండికి రంగు వేయించేది ఉంటే ముందు ఆ పని కానియ్యండి, ఈ గ్రీజు అంటిన రేకు మీద పెయింట్ సరిగా నిలవదు.