సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి విమానం: 297 కిలోమీటర్లే, కానీ పూట పడుతుంది

సింగపూర్‌లోని చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టుకి నేరుగా గీత గీసి కొలిస్తే 297 కిలోమీటర్లు, అంటే 160 నాటికల్ మైళ్లు. రోడ్డున అయితే దాదాపు 350. ఈ అంకె చూసి అరగంటలో దిగిపోతామనుకుంటే పొరపాటే. టికెట్ మీద గంటా పది నిమిషాల దాకా ఉంటుంది. రన్‌వే దాకా వెళ్లడం, అక్కడ వరుసలో ఆగడం, దిగేముందు గాల్లో వంతు కోసం చూడడం అన్నీ అందులోనే లెక్క. గాల్లో ఉండేది ముప్పావు గంట. పైకి ఎక్కడం అయ్యీ అవకముందే కిందకి దిగడం మొదలవుతుంది. సీటు బెల్టు లైటు ఆరి ఉండేది కాసేపే కాబట్టి, పిల్లలతో వెళ్లేవాళ్లు బాత్రూమ్ పని గేటు దగ్గరే ముగించుకోవాలి.

అసలు సమయం పోయేది నేల మీదే. చాంగీకి రెండు గంటల ముందు చేరాలి. అటు దిగాక ఇమిగ్రేషన్‌కి అరగంట నుంచి ముప్పావు గంట వేసుకోండి. ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరలో లేదు, 50 కిలోమీటర్ల పైనే. ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి ఎక్స్‌ప్రెస్ రైలు టెర్మినల్ 1 నుంచి 28 నిమిషాలు, టెర్మినల్ 2 నుంచి 33, టికెట్ 55 రింగిట్లు. రైలు మాత్రం నిక్కచ్చి. సాయంత్రం ట్రాఫిక్‌లో ట్యాక్సీకి గంట దాటుతుంది. ఇంటి గుమ్మం నుంచి హోటల్ దాకా కూడితే అయిదు గంటలు. బస్సుకీ బోర్డర్ ఖాళీగా ఉంటే అయిదారు గంటలే! రెండు దేశాల గడియారమూ ఒకటే, టైము మార్చుకునే పని లేదు.

తిరుగు ప్రయాణంలో ఎక్కువమంది తప్పేది టెర్మినల్ దగ్గర. ఎయిర్ ఏషియా టెర్మినల్ 2 నుంచి, సింగపూర్ ఎయిర్‌లైన్స్, మలేషియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1 నుంచి. తప్పు చోట దిగితే మళ్లీ రైలెక్కాలి, ఈలోగా కౌంటర్ మూసేస్తారు.

మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు ఇక్కడ మామూలు, ఆలస్యాలూ అప్పుడే ఎక్కువ. తెల్లవారితే సుమత్రా వైపు నుంచి వచ్చే గాలివాన సింగపూర్‌ని తాకుతుంది, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య. ఉదయం 9 నుంచి 12 లోపు విమానం చూసుకోవడం మేలు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు (ఆన్‌లైన్ ప్రవేశ ఫారం) చేరే ముందు మూడు రోజుల్లోపే నింపాలి, అంతకన్నా ముందు కుదరదు. తిరిగి సింగపూర్‌లో అడుగుపెట్టాలంటే అక్కడి వీసా మళ్లీ ప్రవేశానికి చెల్లుతుందో లేదో టికెట్ కొనకముందే చూసుకోండి.

భుజాన 7 కిలోల సంచీ ఒక్కటే ఉండి, పని కేఎల్ సెంట్రల్ చుట్టుపక్కల అయితే ఈ విమానం హాయి. రెండు పెద్ద సూట్‌కేసులు, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మాత్రం రాత్రి బస్సే నయం.