పెద్ద గళ్ల సుడోకు పుస్తకం: ఏడాదిన్నర వాడాక, 137వ పజిల్ గురించి

గడి సైజు చూసి కొన్న పుస్తకం ఇది. గడికి 18 మిల్లీమీటర్ల పక్క, పేజీకి ఒకటే పజిల్, స్పైరల్ బైండింగు. పేపర్లో వచ్చే సుడోకు గడి ఇందులో సగం కూడా ఉండదు. అరవై దాటాక సుడోకులో ముందు అలిసేది బుర్ర కాదు, కళ్లూ మెడా. ఈ పుస్తకం బల్ల మీద చాపలా పడుకుంటుంది, చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు. కాగితం మాత్రం పలచన. ఒకే గడిని మూడోసారి చెరిపితే పొర లేస్తుంది. 2బి పెన్సిల్‌తో తేలిగ్గా రాసి, మెత్తటి తెల్ల రబ్బరు వాడితే ఇబ్బంది లేదు.

136 పజిళ్ల వరకూ ఫిర్యాదు లేదు. 137వది పూర్తయ్యాక వెనక జవాబుతో పోలిస్తే 77 గళ్లు సరిపోయాయి, నాలుగు సరిపోలేదు. 4వ, 6వ అడ్డవరుసలు 2వ, 8వ నిలువువరుసలను కలిసే చోట్లు అవి. అక్కడ నేను 3 వేసినచోట పుస్తకం 8 వేసింది, 8 వేసినచోట 3. మళ్లీ మొదటినుంచి చేస్తే, ఆ నాలుగు గళ్ల దగ్గరకు వచ్చేసరికి ముందుకు కదిలే దారే లేదు. తప్పు పజిల్‌లోనే ఉంది.

ఎందుకంటే ఆ నాలుగు గళ్లూ రెండు అడ్డవరుసల్లో, రెండు నిలువువరుసల్లో, రెండే పెట్టెల్లో (మూడేసి వరుసల 9 గళ్ల చతురస్రాల్లో) ఉన్నాయి. 3, 8 స్థానాలు మార్చుకున్నా ప్రతి వరుసలోనూ, ప్రతి పెట్టెలోనూ ఆ రెండు అంకెలూ ఒక్కోసారే ఉంటాయి. అంటే రెండు జవాబులూ సరైనవే, సుడోకుకు ఉండాల్సింది మాత్రం ఒక్కటే. అదే నాలుగు గళ్లు నాలుగు వేర్వేరు పెట్టెల్లో ఉంటే ఇలా జరగదు, మార్చగానే పెట్టెలో అంకె రెండుసార్లు పడుతుంది. ఆ నాలుగింటిలో ఒక్క అంకె ముందే అచ్చయి ఉన్నా చిక్కు వచ్చేది కాదు. బహుశా పేజీ కూర్చేటప్పుడు ఒక అంకె జారిపోయి ఉంటుంది.

ముందిచ్చిన అంకెల్ని లెక్కపెట్టి దీన్ని పసిగట్టలేం. 17 కన్నా తక్కువ అంకెలిస్తే ఒకే జవాబున్న సుడోకు ఉండదని డబ్లిన్ పరిశోధకులు 2012లో కంప్యూటరుతో తేల్చారు. కానీ ఎక్కువిస్తే భద్రమని కాదు. ఇందులో 26 ఇచ్చారు. అసలు ఇలాంటి నాలుగు గళ్లే ఖాళీగా వదిలి 77 ఇచ్చినా రెండు జవాబులు రావచ్చు.

అచ్చుతప్పే కదా అని నేను దీన్ని వదిలేయలేను. మతిమరుపు భయంతో పజిళ్లు మొదలుపెట్టిన డెబ్బై ఏళ్ల మనిషి జవాబు తేడా వస్తే పుస్తకాన్ని అనుమానించరు, తన బుర్రనే అనుమానిస్తారు. అలాంటివారి చేతిలో పెట్టే పుస్తకంలో ప్రతి పజిల్‌కూ ఒకే జవాబుందని సరిచూడటం ప్రచురణకర్త కనీస బాధ్యత. అందుకే, తేడా వచ్చినప్పుడు వెనక పేజీని నమ్మకండి. 9 అడ్డవరుసలు, 9 నిలువువరుసలు, 9 పెట్టెలు, మొత్తం 27 చోట్ల 1 నుంచి 9 వరకూ ఒక్కోసారి వచ్చాయా చూడండి. వస్తే, ముందిచ్చిన అంకెల్ని మీరు మార్చనంతవరకు, మీ జవాబు సరైనదే. కూడితే 45 వచ్చిందని ఆగిపోవద్దు. 5, 5 ఉన్నా 4, 6 ఉన్నా కూడిక ఒకటే.

గడి సైజు గురించి ఇంకో మాట. చోటుంది కదా అని ప్రతి గడిలోనూ వీలున్న అంకెలన్నీ చిన్నగా రాసుకుంటూ పోతే, మనసులో పట్టి ఉంచాల్సిన పనంతా కాగితం చేసేస్తుంది. కొన్ని నెలలు అలాగే చేసి మానేశాను. ఇప్పుడు ఒక పెట్టెలో ఒక అంకెకు రెండే చోట్లు మిగిలితేనే గుర్తు పెడుతున్నాను. పజిల్‌కు పట్టే సమయం పెరిగింది, కానీ కసరత్తు అసలు అక్కడే ఉంది.

అట్ట మీద మతిమరుపు రాదని రాసిన మాటను పట్టించుకోకండి. యాభై దాటిన 19 వేలమందికి పైగా పాల్గొన్న బ్రిటన్ ప్రొటెక్ట్ అధ్యయనంలో, అంకెల పజిళ్లు తరచూ చేసేవాళ్లు శ్రద్ధ, జ్ఞాపకం, తర్కం పరీక్షల్లో మెరుగ్గా చేశారని 2019లో వచ్చింది. అది పజిళ్ల వల్లేనని అందులో తేలలేదు. ఒకే రకం చేస్తూ పోతే చేయి ఆ రకానికే అలవాటు పడుతుంది కూడా. అందుకే వారంలో రెండు రోజులు పుస్తకం చివర ఇచ్చిన కాకురోలకు కేటాయించాను. వరుస గళ్లలో 1 నుంచి 9 లోపు అంకెల్ని, ఏదీ రెండోసారి రాకుండా, చెప్పిన మొత్తం వచ్చేలా నింపే పజిళ్లు అవి. రెండు గళ్లలో 17 రావాలంటే 8, 9 తప్ప దారిలేదు, మూడు గళ్లలో 7 అంటే 1, 2, 4. సుడోకులో అసలు అక్కర్లేని కూడిక ఇక్కడ పనికొస్తుంది.

నాకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చదవడానికి అద్దాలు కావాలి, ఈ గడి బాగా సరిపోయింది. చేయి వణికేవాళ్లకు 18 మిల్లీమీటర్లు కూడా చాలకపోవచ్చు, అంకెల బిళ్లలు పేర్చే చెక్కపలక నయం. ఇంట్లో ఇంకెవరికైనా కొనిస్తే మాత్రం 137వ పేజీ మీద పెన్సిల్‌తో ‘రెండు జవాబులు’ అని రాసి ఇస్తాను.