క్వాంటమ్ టర్బులెన్స్ వీడియో కోర్సు: సుడుల పాఠాలు బాగున్నాయి, మధ్యలో మాత్రం కష్టం

జిగటే లేని ద్రవంలో రేగిన అల్లకల్లోలం ఎలా చల్లారుతుంది? ఈ ఒక్క అనుమానంతోనే కోర్సులో చేరాను. జవాబు దొరికింది, కాకపోతే అక్కడికి చేరేసరికి ఓపిక సగం అయిపోయింది.

మొదటి రెండు పాఠాలూ చాలా బాగున్నాయి. హీలియాన్ని సుమారు 2.17 కెల్విన్ కంటే చల్లబరిస్తే జిగట లేకుండా పారే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుందని అందరూ చెప్తారు. పాఠం చెప్పేవారు అక్కడ ఆగకుండా, అందులో సుడి తన ఇష్టమొచ్చినంత బలంగా తిరగలేదని, ప్లాంక్ స్థిరాంకాన్ని హీలియం పరమాణువు ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే విలువకి (సెకనుకి దాదాపు 0.1 చదరపు మిల్లీమీటరు) పూర్ణాంక రెట్లలోనే దాని సర్క్యులేషన్ (సుడి చుట్టూ తిరిగే ప్రవాహం బలం) ఉండాలని, బొమ్మ గీసి మరీ చూపించారు. 1949లో ఆన్‌సేగర్ ఈ మాట అన్నాడు, 1955లో ఫైన్‌మన్ ఇలాంటి సుడులన్నీ చిక్కుపడ్డ దారాల ఉండలా మారడమే ఇక్కడి టర్బులెన్స్ అని ఊహించాడు. నది సుడికి లేని సౌకర్యం ఇది, ఒక్కో సుడినీ లెక్కపెట్టొచ్చు!

మూడో పాఠం నుంచి టెన్షన్ మొదలు. సూపర్‌ఫ్లూయిడ్ కదలికని లెక్కగట్టే గ్రాస్-పిటాయెవ్‌స్కీ సమీకరణం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా బోర్డు మీద రాసేసి సిమ్యులేషన్లలోకి వెళ్ళిపోయారు. నేను ఆపి, వెనక్కి వెళ్ళి, బయట చదువుకుని మళ్ళీ రావాల్సి వచ్చింది.

కానీ ఆరో పాఠం కోసం ఇదంతా భరించొచ్చు. రెండు సుడులు దగ్గరికొచ్చి తెగి, కొసలు మార్చుకుని మళ్ళీ అతుక్కుంటాయి. 2006లో గడ్డకట్టిన హైడ్రోజన్ రేణువుల్ని హీలియంలో వదిలి సుడి తీగల్ని కెమెరాకి చిక్కించుకున్న ప్రయోగం గురించి కూడా ఇక్కడే చెప్పారు. అతుక్కున్న చోట తీగ వణుకుతుంది, ఆ కెల్విన్ అలలు చిన్నవై, ఇంకా చిన్నవై, చివరికి ధ్వనిగా వెళ్ళిపోతాయి. అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో శక్తి పోయే దారి ఇదేనట. కాస్త వేడి ఎక్కువుంటే హీలియంలో జిగట ఉన్న మామూలు ద్రవభాగం సుడుల్ని రాసుకుని శక్తిని లాగేస్తుంది. ఇంత ముఖ్యమైన రెండో సంగతికి ఐదు నిమిషాలేనా?

క్విజ్ దండగ. ఎందుకు అని అడగాల్సిన చోట ఏ ఏడాది అని అడుగుతుంది. డిగ్రీ స్థాయి ఫిజిక్స్ వచ్చినవాళ్ళు తీసుకోవచ్చు, రానివాళ్ళు 1, 2, 6 పాఠాలు చూస్తే చాలు. సబ్‌టైటిల్స్ మాత్రం ఆపేయండి, టాంగిల్ (సుడుల చిక్కు ఉండ) అన్న ప్రతిచోటా ట్రయాంగిల్ అని పడుతోంది, చాలాసేపు నేను త్రిభుజం కోసం వెతికాను.