మద్రాసులో కంటి నిండా నిద్ర పట్టే పేట ఏది?

ముందే చెప్పేస్తున్నాను. చీరలు కొనాలన్న ఒక్క కారణంతో చెన్నైలో టి.నగర్‌లో గది తీసుకోకండి. చీరలు అక్కడే కొనుక్కోండి, పడక మాత్రం ఇంకో పేటలో పెట్టుకోండి.

నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకి మద్రాసు వెళ్లడమంటే పక్కూరికి వెళ్లినట్టే. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భోజనాల వేళకి సెంట్రల్‌లో ఉంటాం. అందుకేనేమో గది గురించి ఎవరూ బుర్ర పెట్టరు. సెంట్రల్ ఎదురుగానో టి.నగర్‌లోనో ఏదో ఒకటి బుక్ చేసేస్తారు. మాకూ యాప్‌లో టి.నగర్ హోటలే కనిపించింది. ఫొటోలో కిటికీ, కిటికీ బయట వేపచెట్టు, కింద ‘ప్రశాంతమైన వీధి’ అని ఒక ముక్క. ఏసీ గది 2,400. మా ఆయన, నేను, అత్తయ్యగారు కలిసి ముగ్గురం.

ఆ హోటల్ పేరు రాయను, చేసిన పని రాస్తాను. ఫొటోలోని చెట్టు నిజంగానే ఉంది, కాకపోతే అది అవతలి వైపు గదులకి. ఆ గదులన్నీ ‘డీలక్స్’ అట, ఇంకో 900 కట్టాలి. మాకిచ్చిన గది కిటికీ రోడ్డు మీదికి. కిటికీ కింద బస్టాపు, బస్టాపు పక్కన ఒక బట్టల గోడౌను. మూడో మనిషికి పరుపు 500 అన్నారు. తీరా వచ్చింది చూస్తే దుప్పటికీ పరుపుకీ మధ్యరకం వస్తువు. అత్తయ్యగారు దాన్ని వేలితో నొక్కి చూసి, “దీనికి ఐదొందలా అమ్మాయ్?” అని మంచమెక్కారు. మా ఆయన కింద పడుకున్నారు. ఆ క్షణం నుంచే ఆయన మాట్లాడటం తగ్గించారు.

పది దాటితే బస్సులు పలచబడతాయి కదా, పడుకోవచ్చు అనుకున్నాం. పగలు లారీల్ని ఊళ్లోకి రానివ్వరు కాబట్టి దుకాణాల సరుకంతా రాత్రే దిగుతుందన్న సంగతి అప్పుడు తెలిసింది. ఒంటిగంటకి లారీ వచ్చి గోడౌను ముందు ఆగింది. ఒకడు పైనుంచి బట్టల బేలు తోస్తాడు, అది దబ్బుమని పడుతుంది, కింద ఉన్నవాడు గొంతెత్తి లెక్క చెబుతాడు: “ఒణ్ణు... రెండు... మూణు...” ప్రతి బేలుకీ కిటికీ అద్దం జిల్లుమంటోంది. కిటికీ బిగిద్దామంటే గొళ్లెం లేదు, ఎవరో మడతపెట్టిన అట్టముక్క దోపి పెట్టారు. మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ మొదలైంది. అదీ మా గది కిందే. జనరేటర్ మీద ఏసీ పనిచేయదట.

రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మా ఆయన కిందికి దిగి వెళ్తే కుర్రాడు కౌంటర్ వెనక చాప మీద నిద్రపోతున్నాడు. లేచి, చాలా మర్యాదగానే, “అడ్జస్ట్ పణ్ణిక్కోంగ సార్” అన్నాడు, అంటే సర్దుకోండి అని. వెనక గదులు ఖాళీగా ఉన్నాయి, తాళాలు బోర్డుకి వేలాడుతూ కనబడుతున్నాయి. కానీ మేనేజర్ తొమ్మిదికి గానీ రాడు, ఆయన చెబితే గానీ తాళం ఇవ్వడు. పొద్దున అత్తయ్యగారు కాఫీ తాగుతూ, “నూట పద్దెనిమిది బేళ్లు దించారే” అన్నారు. నిద్ర పట్టక లెక్కపెట్టారట. నాకు నవ్వొచ్చింది, మా ఆయనకి రాలేదు.

అసలు కడుపుమంట బిల్లు దగ్గర. గది 2,400, పరుపు 500, మొత్తం 2,900. దాని మీద జీఎస్టీ 12 శాతం అని 348 వేసి 3,248 చేతిలో పెట్టారు. రోజుకి 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. అంటే పన్ను 145 కావాలి, 203 ఎక్కువ గుంజారు. పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. మరి ఆ పన్ను ఎవరికి పోతుందో! మేనేజర్ని అడిగితే “సిస్టంలో అంతే వస్తోంది” అన్నాడు. చేత్తో రాసిన బిల్లులో సిస్టం ఎక్కడుందని మా ఆయన అడిగారు. ఆ ప్రయాణంలో ఆయన గొంతు పెంచింది అప్పుడొక్కసారే. 203 వెనక్కి రాలేదు. ఇలాంటివి ఎదురైతే బిల్లు ఫొటో తీసుకుని 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మేం చేశాం, ఫిర్యాదు తీసుకున్నారు.

ఇక పేటల సంగతి. ఇది నా అభిప్రాయమే, ఇష్టమైతే తీసుకోండి.

సెంట్రల్ చుట్టుపక్కల, అంటే వాల్‌టాక్స్ రోడ్డు, పెరియమేడు: తెల్లవారుజామున రైలు పట్టుకోవాలంటే తప్ప వద్దు. చవకే, కానీ రాత్రంతా పార్సిల్ బళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఎగ్మూరు స్టేషన్ ఎదుట కెన్నెట్ లేన్ లాడ్జీలు కాస్త నయం. సందులోపలికి వెళ్లేకొద్దీ హారన్లు తగ్గుతాయి. ఒక్క రాత్రికైతే సరిపోతుంది, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లి ఉండేంత మాత్రం కాదు. ట్రిప్లికేన్‌లో మాన్షన్లు ఉంటాయి, ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్లు ఉండేవి. రేటు చూసి ఆశపడి కుటుంబంతో వెళ్లకండి. రత్నా కేఫ్‌లో ఇడ్లీ మీద సాంబారు పోయించుకుని తినడానికి మాత్రం తప్పకుండా వెళ్లండి.

గ్రీమ్స్ రోడ్డు, థౌజండ్ లైట్స్ వైపు ఎవరూ విహారానికని ఉండరు, ఆస్పత్రి పని మీద వచ్చేవాళ్లే. మన జిల్లాల వాళ్లు, బెంగాలీలు నెలల తరబడి ఉంటారు. అందువల్ల సందుల్లోని సర్వీస్ అపార్ట్‌మెంట్లలో ఒక చిన్న వంటగది, కాస్త నిశ్శబ్దం దొరుకుతాయి. పొద్దున లేవగానే చేతిలో స్కానింగ్ కవర్లతో మనుషులు కనబడతారు. అది పరవాలేదనుకుంటే చెడ్డ ఎంపిక కాదు. బీసెంట్ నగర్ బాగుంటుంది, సముద్రం గాలి, చెట్లు. కానీ మా బడ్జెట్‌కి అందలేదు, సెంట్రల్‌కి దూరం, శని ఆదివారాలు బీచ్‌కొచ్చే బళ్లతో వీధులు నిండిపోతాయి.

మేం టి.నగర్ నుంచి ఆటోలో నేరుగా మైలాపూర్ వెళ్లాం. కపాలీశ్వరుడి గుడికీ మందవెలికీ మధ్య ఒక సందులో చిన్న లాడ్జి. అత్తయ్యగారి చెల్లెలు ఎప్పుడో దిగిన చోటు, యాప్‌లో లేదు. గది 1,800, అదనపు పరుపు 350, పన్ను 5 శాతం, మొత్తం 2,257 రూపాయల 50 పైసలు. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన 2,257 తీసుకుని “యాభై పైసలు వదిలేయండమ్మా” అని తెలుగులోనే అన్నారు. వాళ్లమ్మది సూళ్లూరుపేటట.

లిఫ్ట్ లేదు. అత్తయ్యగారి మోకాళ్లకి రెండో అంతస్తు కష్టమే. కింద గది ఉంది, కానీ అది వీధివైపు. ఆవిడ రెండూ చూసి, మెట్ల మీద చెయ్యి వేసి, “బేళ్ల కంటే ఇదే నయం” అని ఎక్కేశారు. వెనక గది కిటికీ తీస్తే ఎవరిదో పెరడు: రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు, ఇత్తడి బిందె బోర్లించిన తులసికోట గట్టు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఆ పెరట్లో కుళాయి చుక్కలు తప్ప ఏమీ వినబడలేదు. మా ఆయన మర్నాడు ఎనిమిదింటి దాకా లేవలేదు, లేచాక మళ్లీ మామూలు మనిషి అయ్యారు.

లోపాలూ చెప్పాలి. వేడినీళ్లు ఆరు నుంచి తొమ్మిది వరకే. దోమలు బాగా ఉన్నాయి, బకింగ్‌హాం కాలువ దగ్గరే కదా. కాయిల్ వాళ్లివ్వరు, మనమే కొనుక్కోవాలి. ఆ కాలువ పొడవునా ఎత్తు మీద ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు నడుస్తుంది, దాని పక్క సందుల్లో గది తీసుకుంటే రైలు మోత తప్పదు. ఇంకో ముఖ్యమైన సంగతి: లజ్, ఆర్.కె.మఠ్ రోడ్డు వైపు మెట్రో రెండో దశ పనులు జరుగుతున్నాయి. రేకుల గోడలు, దారి మళ్లింపులు, దుమ్ము. ‘మైలాపూర్’ అని చూసి ఆ రోడ్డు మీదే ఉన్న హోటల్ బుక్ చేస్తే టి.నగర్‌కీ దానికీ తేడా ఉండదు. రెండు సందులు లోపలికి ఉంటేనే మైలాపూర్.

రైల్లో వచ్చేవాళ్లు ఆటోవాళ్లతో గొడవపడక్కర్లేదు. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, అక్కడ ఎంఆర్‌టీఎస్ ఎక్కి తిరుమయిలైలోనో (మైలాపూర్ స్టేషన్ పేరు అదే) మందవెలిలోనో దిగడమే. టికెట్ ఐదు రూపాయలు. సామాను ఎక్కువుంటే మాత్రం ఆలోచించండి, తిరుమయిలై స్టేషన్లో మేం దిగినప్పుడు ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది. ఆటో అయితే యాప్‌లోనే పిలవండి. మాకు టి.నగర్ నుంచి 140 పడింది. రోడ్డు మీద అడిగినవాడు 300 అన్నాడు. మీటర్ రేట్లు 2013లో 1.8 కిలోమీటర్లకి 25 రూపాయలని నిర్ణయించారు, ఆ రేటుకి వచ్చే ఆటో నాకింతవరకు కనబడలేదు.

అత్తయ్యగారికి అన్నిటికంటే నచ్చింది సిటీ బస్సు. ముందు భాగానికి గులాబీ రంగు వేసిన మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, 2021 నుంచీ ఉంది ఆ పథకం. మన స్త్రీ శక్తి బస్సులో చూపించినట్టే ఆవిడ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి పట్టుకుని కూర్చున్నారు. కండక్టర్ దానివైపు చూడను కూడా చూడలేదు, సున్నా టికెట్ చింపి చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాడు. “ఏ ఊరని కూడా అడగలేదే!” అని దిగేదాకా చెబుతూనే ఉన్నారు. మా ఆయనకి మాత్రం టికెట్ కొట్టారు. ఆ సున్నా టికెట్ పర్సులో దాచుకుని ఇంటికి తెచ్చుకున్నారావిడ. చీరల కోసం టి.నగర్‌కి కూడా బస్సులోనే వెళ్లొచ్చాం.

మైలాపూర్‌లో ఉంటే ఇంకో సుఖం, పొద్దున్నే నడకకి చోటుంది. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు, మన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరు మీదే. అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఆయనవే. అక్కణ్నుంచి అరండేల్ వీధిలో రాయర్ మెస్‌కి వెళ్లండి. పొంగలి, వడ, గట్టి చట్నీ. కూర్చునే చోటు తక్కువ, కాసేపు బయట నిలబడాలి. ఆలస్యంగా వెళ్తే ఏమీ మిగలదు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ఆ వేళలో దక్షిణ మాడవీధి కూరగాయలు చూస్తూ తిరిగాం. రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు. అప్పుడది బులుసు సాంబమూర్తి గారిది. అత్తయ్యగారిది నెల్లూరు జిల్లా, అక్కడ చెప్పులు విప్పి కాసేపు కూర్చున్నారు. పర్యాటకుల పుస్తకాల్లో మెరీనా ఉంటుంది గానీ ఇది కనబడదు, నాకది బాధ.

ఎక్కడ తీసుకున్నా యాప్‌లో డబ్బు కట్టేముందు హోటల్‌కే ఫోన్ చేయండి. ‘సైలెంట్‌గా ఉంటుందా’ అని అడిగితే ఎవడైనా ఉంటుందనే అంటాడు. కిటికీ ఎటువైపు, జనరేటర్ ఎక్కడ పెట్టారు, కింద అంతస్తులో ఏం దుకాణం ఉంది, కరెంటు పోతే ఏసీ పనిచేస్తుందా అని విడివిడిగా అడగండి. నసిగితే ఇంకోటి చూసుకోండి. చెకౌట్ పన్నెండింటికా, 24 గంటలా అన్నది కూడా. పినాకిని తిరిగి బయల్దేరేది మధ్యాహ్నం కాబట్టి 24 గంటల పద్ధతి ఉన్నచోట భోజనం చేసి, ఒక కునుకు తీసి నింపాదిగా బయటపడొచ్చు.

డిసెంబరులో మాత్రం ఇవేవీ వర్తించవు. సంగీత సభల సీజన్, మైలాపూర్ గదులన్నీ విదేశాల నుంచి వచ్చిన వాళ్లతో నిండి ఉంటాయి, మార్గళి నెలంతా, అంటే మన ధనుర్మాసమంతా, తెల్లవారకముందే గుడి మైకులు మొదలవుతాయి. మా లాడ్జి పెద్దాయన ఆ నెల రేటు 2,800 అన్నారు, అదీ ముందు నెలలోనే డబ్బు పంపితేనట. ఆ నెలలో వెళ్లక తప్పకపోతే ఎగ్మూరు చూసుకోండి.