లేపాక్షిలో గైడ్‌ని పెట్టుకోండి, కానీ వేలాడే స్తంభం దగ్గరే ఆగిపోకండి

లేపాక్షి వీరభద్రస్వామి గుడి చూడ్డానికి గైడ్ అవసరమా అని అడుగుతుంటారు. అవసరమే. కాకపోతే ఆయన చెప్పింది విని వచ్చేస్తే లాభం లేదు, మనకేం కావాలో అడిగి చూపించుకోవాలి.

నేను ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. ‘లేపాక్షి బార్డర్’ అని మేం అమ్మేవాటిలో సగం లేపాక్షి మొహం చూసినవి కావు. అసలువి చూద్దామని అత్తయ్యని, మా పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. గుడి బయటే ఒక నడివయసు గైడ్ దొరికాడు. డబ్బులు, ఎంతసేపు తిప్పుతాడు అన్నవి ముందే మాట్లాడుకున్నాం. మీరూ అలాగే చేయండి, చివర్లో మొహమాటాలు ఉండవు.

అందరూ ముందు తీసుకెళ్లేది నేలకి పూర్తిగా ఆనని ఆ వేలాడే స్తంభం దగ్గరికే. దాని కింద తువ్వాలు ఇటు పెట్టి అటు లాగడం మా పిల్లాడికి ఆటైపోయింది. ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు కదిలించబోతే పక్కకి జరిగిందన్న కథా చెప్పాడు. సరే, బాగుంది. కానీ వెనక జనం తువ్వాళ్లు పట్టుకుని లైన్లో నిలబడితే మిగతా స్తంభాల మీది బొమ్మల్ని ఎవరు చూస్తారు? అదే మండపంలో బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, శివభక్తుడైన మూడు కాళ్ల భృంగి ఆడుతుంటాడు. “అన్నా, కాస్త నిదానం” అన్నాకే ఆగాడు.

ఆగాక ఆయన పనితనం బయటపడింది. ఒక స్తంభం మీద ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు ఉంది. రాతికి తగలకుండా అరచెయ్యి గాల్లో అడ్డం పెట్టి రెండు తలల్ని మూశాడు. చెయ్యి మార్చిన ప్రతిసారీ ఆవు భంగిమ మారిపోయింది, ఒళ్లు మాత్రం అదే. ఇది నా అంతట నేనైతే చూసి ముందుకెళ్లిపోయేదాన్ని.

పైకప్పు చిత్రాల దగ్గర ఇంకా బాగా చెప్పాడు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, దూడని రథంతో తొక్కించిన కొడుక్కి తండ్రే శిక్ష వేసిన మనునీతి చోళుడి కథ. ఆయన కథలు చెబుతుంటే నేను ఆ బొమ్మలు కట్టుకున్న చీరలు చూస్తున్నా! గళ్లు, చారలు, బిగుసుకుని కోసుగా నిలిచిన కొంగులు, ఎక్కువగా ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు. దాదాపు 500 ఏళ్ల కిందటి ఆ గళ్లని మేమిప్పుడు ‘కొత్త కలెక్షన్’ అంటున్నాం.

నా ఫిర్యాదల్లా విరూపణ్ణ కథ దగ్గరే. కల్యాణమండపం కప్పు లేకుండా మధ్యలో ఆగిపోయింది. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, రాజుకి చెప్పకుండా ఖజానా డబ్బు గుడికి పెట్టాడని, శిక్ష పడేలోపే తన కళ్లు తానే పీకి గోడకి కొట్టాడని చెబుతూ రెండు ఎర్రటి మచ్చలు చూపించాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. అయితే ఇదే గుడి గోడల మీద 1530ల నాటి శాసనాలున్నాయి. ఎక్కువ కన్నడంలోనే, గుడికిచ్చిన భూములు, దానాల వివరాలతో. రాజుకి తెలియకుండా జరిగిన పనైతే ఆ రాజు పేరు వేసి మరీ గోడకెక్కిస్తారా? అదే అడిగితే “అది కథ తల్లీ, ఇది శాసనం” అని నవ్వేశాడు. రెండూ చెప్పొచ్చు కదా! అడిగేదాకా శాసనాల వైపు వేలైనా చూపించలేదు.

స్తంభాల నిండా తీగల అల్లికలు చెక్కిన లతామండపానికి వచ్చేసరికి ఆయన టైము చూసుకోవడం మొదలుపెట్టాడు. “చీరల డిజైన్లు ఇవేనమ్మా” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను వచ్చిందే దానికి! స్తంభానికి నాలుగు వైపులా నాలుగు రకాల అల్లికలు. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ కలుస్తుందో వేలితో గాల్లో గీసుకుంటూ వెళితే, మగ్గం మీద రిపీట్ (అదే డిజైన్ మళ్లీ మళ్లీ వచ్చేలా) ఎలా వేయాలో అక్కడే తెలిసిపోతుంది. నేను కూర్చుని నోట్‌బుక్ తీశాను. ఆలోగా ఆయన అత్తయ్యకి నాగలింగం (లింగానికి పడగ పట్టిన పెద్ద రాతి పాము) కథ చెప్పాడు. శిల్పుల తల్లి వంట పూర్తిచేసేలోపు వాళ్లు అంత పామునీ చెక్కేశారట, ఆమె ఆశ్చర్యంగా చూసిన చూపుకి రాయి పగిలిందట. “ఆ పూట కందిపప్పు ఉడికి ఉండదులే” అంది అత్తయ్య.

గుడికి కాస్త దూరంలో రోడ్డు పక్కన పెద్ద బసవన్న (నంది) ఉంటాడు. ఒకే రాయి, దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. అక్కడికి గైడ్ అక్కర్లేదు. గుడికి మాత్రం పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రాతి నేల మీద కాళ్లు కాలతాయి. పైకప్పు బొమ్మల మీద ఫ్లాష్ కొట్టకండి.

నా లెక్కలో మా గైడ్‌కి ఐదుకి నాలుగు. లతామండపానికి అరగంట ఇస్తానని ముందే ఒప్పుకునే గైడ్ మీకు దొరికితే ఐదు వేసుకోండి.